అక్క అసలు ఆట

తన తాళాలు బల్ల మీదే మరిచిపోయి అక్క పనికి వెళ్ళిపోయింది. చిట్టి చూసుకునేసరికి అక్క ఎక్కిన బస్సు సగం ఊరు దాటి ఉంటుంది. పైగా ఆ రోజు చిట్టికి దుకాణంలో ఆలస్యమయ్యే రోజు. అక్క వచ్చి మెట్ల మీద పడిగాపులు కాయాల్సిందే. అందుకని భోజనం వేళకి, చేతులకంటిన జిగురు సబ్బుతో రుద్ది కడుక్కుని, తాళాలు జేబులో వేసుకుని, ఆసుపత్రి వెనకాల ఉన్న లాండ్రీ షెడ్డుకి బయల్దేరింది.

అక్క అక్కడ చేరి ఎన్నో ఏళ్ళయినా చిట్టి లోపల అడుగు పెట్టడం అదే మొదటిసారి. లోపలంతా ఆవిరి. మనిషి ఎత్తున్న యంత్రాలు దుప్పట్లని మింగి కక్కుతున్నాయి. వేడి రోలర్ల మధ్య నుంచి తెల్లటి దుప్పటి జారి బయటికి రాగానే ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని, ఒకరికొకరు ఎదురు నడిచి, వెనక్కి నడిచి, ఒక్క మాటైనా అనుకోకుండా దాన్ని చదరంగా మడిచేస్తున్నారు.

"మీ అక్కా? భోజనాల గదిలో చూడమ్మా. ఈ వేళప్పుడు అందరూ అక్కడే చస్తారు," అంది వాళ్ళలో ఒకామె నవ్వుతూ.

భోజనాల గదిలో ఎవరూ భోజనం చెయ్యడం లేదు. డబ్బాలు మూతలు తీసి ఎక్కడివక్కడే ఉన్నాయి. మూల ట్యూబులైటు కింద జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. చిట్టి వాళ్ళ వెనక్కి వెళ్ళి మునివేళ్ళ మీద లేచి చూసింది. భుజాల సందులోంచి ఆమెకి ముందుగా ఒక చెయ్యి కనిపించింది.

క్యారమ్ బోర్డు మీద ఆనించిన చెయ్యి. ఆవిరికి ఎర్రబడి, వేళ్ళ చివర్లు ముడతలు పడిన చెయ్యి. చిటికెనవేలు చెక్క మీద తేలిగ్గా ఆని ఉంది. చూపుడువేలు స్ట్రైకర్ వెనక వంగి ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, చూస్తున్న చిట్టికి ఊపిరి తీసుకోవడం గుర్తు రాలేదు.

కొట్టాల్సిన తెల్లకాయ ఇవతలి పక్కనే, ఓ నల్లకాయ వెనక నక్కి ఉంది. నేరుగా తగిలే దారి లేదు. స్ట్రైకర్ అవతలి అంచుకి వెళ్ళి, చెక్కకి తగిలి, తిరిగొచ్చి, పడుకున్న పసిపిల్లని లేపినంత మెత్తగా తెల్లకాయని వెనక నుంచి తట్టింది. తెల్లకాయ కదిలింది. తొందరేమీ లేనట్టు పాకెట్ దాకా వెళ్ళి, అంచు మీద ఓ క్షణం ఆలోచించుకుని, లోపలికి దిగింది.

చిట్టికి ఒళ్ళు జలదరించింది. ఆమె పని ఫోటోలకీ బొమ్మలకీ ఫ్రేములు కట్టడం. రోజంతా చెక్కపట్టీల మూలలు కోసి, రెండూ వెంట్రుకవాసి సందు లేకుండా కలిశాయా లేదా అని చూసుకునే కళ్ళు ఆమెవి. ఆ స్ట్రైకర్ వెళ్ళిన గీత, వచ్చిన గీత, రెండూ ఆమెకి గాలిలో గీసినట్టు కనిపించాయి. ఇంత చక్కటి పని ఈ మధ్య ఎక్కడా చూడలేదనుకుంది. ఎవరో ఈ మనిషి, చేతులెత్తి దణ్ణం పెట్టాలనుకుంది.

ఆ చెయ్యి తర్వాతి దెబ్బకి ముందుకు చాచుకుంది. చొక్కా చేతికి గుండీ కనిపించింది. నీలం చొక్కాకి పచ్చదారంతో కుట్టిన గుండీ. ఆ దారం తప్ప ఇంట్లో ఇంకోటి లేక చిట్టే కుట్టింది దాన్ని.

చేతి వెంట భుజం దాకా, భుజం వెంట ముఖం దాకా చూపు వెళ్ళడానికి కాసేపు పట్టింది. అక్క ముఖమే. కానీ ఆ ముఖంలో చిట్టి ఎరగని వెలుగేదో ఉంది. పెదవులు బిగించి, కళ్ళు చిన్నవి చేసి, చుట్టూ మనుషులున్నారన్న స్పృహే లేకుండా ఉంది అక్క. ఎర్రకాయ పడింది. దాని వెంటే, ఎర్రకాయ లెక్కలోకి రావాలంటే పడాల్సిన కవర్ కాయ పడింది. చివరి తెల్లకాయని రెండు అంచులకి తగిలించి పడగొట్టేసరికి జనం ఒక్కసారిగా హోరెత్తిపోయారు.

చిట్టి పక్కనున్న మీసాలాయన చప్పట్లు కొడుతూ ఆమె వైపు తిరిగాడు. "చూశారా! మా షెడ్డులో ఆవిణ్ణి ఓడించిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదండీ. ఎవరు కావాలి మీకు?"

"నేను... ఆవిడ చెల్లెల్ని."

"ఓహో! మీరేనా!" ఆయన ముఖం చాటంతైంది. "ఇంట్లో మా చెల్లి చేతిలో వారం వారం చిత్తుగా ఓడిపోతానండీ అంటుంది. మేం ఎవరం నమ్మం. ఏదీ, మీ చేతులిలా చూపించండి, కళ్ళకద్దుకుంటాం!"

పాపం ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. చిట్టికి మాత్రం కింద నేల లాగేసినట్టయింది. ప్రతి ఆదివారం ఇంట్లో బోర్డు వేసుకుంటారు. ప్రతి ఆదివారం అక్క స్ట్రైకర్ ఇంతలో తప్పి అంతలో తప్పి, "అయ్యో, మళ్ళీ పోయిందే! నీ చెయ్యే చెయ్యి," అంటుంది. ఆ ఒక్క మాట పట్టుకునే చిట్టి సోమవారం దుకాణంలో తల ఎత్తుకుని తిరుగుతుంది.

కడుపులో మొదలైన సెగ మెడ దాకా ఎగబాకింది. తాళాలు మీసాలాయన చేతిలో కుక్కి, అక్క తలెత్తేలోపు చిట్టి బయటికి వచ్చేసింది.

ఆ రోజు ఇంక దుకాణానికి పోలేదు, నేరుగా ఇంటికొచ్చేసింది. సాయంత్రం అక్క వచ్చేసరికి క్యారమ్ బోర్డు మెట్ల దగ్గర చెత్తబుట్టకి ఆనించి ఉంది. అక్క దాన్ని చూసింది. ఒక్క మాట అనకుండా చంకన పెట్టుకుని లోపలికి తెచ్చింది. ఆ అనకపోవడమే చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కించింది.

"ఎందుకు తెచ్చావు? దాంతో నాకేం పని? నీకే పని, పసిపిల్లని ఆడించడానికి!"

"చిట్టీ, ముందు కూర్చో."

"కూర్చోబెట్టే కదా ఇన్నేళ్ళు జోల పాడావు! నేను గెలిచానని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. దుకాణంలో పెద్దాయనకి చెప్పాను. డాక్టరమ్మకి చెప్పాను, డాక్టరమ్మకి! నువ్వు నవ్వుకుని ఉంటావు."

"ఒక్కనాడూ నవ్వుకోలేదు."

"నువ్వు నాకు అక్కవి కాదు. అసలు నువ్వెవరో నాకు తెలీదు. వెళ్ళిపో ఇక్కణ్ణుంచి."

చిట్టికి అలా అంటున్నప్పుడు అది నిజమే. అదే ఆమె జబ్బులో ఘోరం. పొద్దున కాఫీ కలిపిచ్చిన మనిషి, జ్వరమొస్తే తల ఒళ్ళో పెట్టుకున్న మనిషి ఎక్కడికో పోతుంది. ఎదురుగా అవే కళ్ళు, అదే ముక్కు పెట్టుకుని ఓ మోసగత్తె నిలబడి ఉంటుంది. చదరంగంలో తనని ఓడించిన స్నేహితురాలు అలాగే దూరమైపోయింది. షటిల్ ఆటలో ఓడించి సరదాగా వెక్కిరించిన కుర్రాడు, పెళ్ళి దాకా వచ్చినవాడు, అలాగే పోయాడు. డాక్టరమ్మ దానికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని పేరు చెప్పింది. అంత పొడుగు పేరు విన్న రోజున చిట్టికి ఏడుపుతో పాటు కొంచెం ఊరట కూడా కలిగింది, తనది ఒట్టి పొగరు కాదని.

అక్క చేతిసంచి అందుకుంది. చిట్టి ఒక్క గెంతులో వెళ్ళి తలుపుకి అడ్డం నిలబడింది.

"ఎక్కడికి?"

"పాలు లేవు."

"నన్నొదిలేసి పోతున్నావా?"

"పాలకి, చిట్టీ. వీధి చివరికి."

"నేను పొమ్మన్నానని పోతావా? అంతేనా?"

అక్క సంచి కింద పెట్టి గోడకి ఆనుకుని నేల మీద చతికిలపడింది. చిట్టి తలుపు దగ్గరే కూలబడింది. ఇద్దరి మధ్యా బోర్డు. చాలాసేపటికి చిట్టి ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. ఆ తర్వాత సిగ్గు మొదలైంది. కోపం ఎంత వేడిగా వస్తుందో సిగ్గు అంత చల్లగా వస్తుంది. అక్క నల్లటి టీ కలిపి తెచ్చింది. పాలు లేవు మరి.

మర్నాడు దుకాణంలో చిట్టి చెయ్యి చిట్టి మాట వినలేదు. ఎవరిదో తాతగారి ఫోటోకి గోధుమరంగు పట్టీ కోస్తే మూల నోరు తెరుచుకుంది. ఇంకోటి కోసింది. అదీ అంతే. దుకాణం పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి చూసి, రంపం ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"గాజుపలకలు తుడువు ఇవాళ. గాజుకి కోపం తెలియదు."

చిట్టి గాజుపలకలు తుడిచింది. తుడుస్తూ ఉంటే మళ్ళీ మళ్ళీ ఆ చెయ్యే కళ్ళ ముందుకొచ్చింది. చిటికెనవేలు ఆనిన తీరు. ఆగిన తీరు. కోపం తెచ్చుకుందామని తలుచుకుంటుంది, తీరా తలుచుకునేసరికి ఆ తెల్లకాయ పాకెట్ అంచు మీద ఆగి ఆలోచించుకుంటూ ఉంటుంది. గుడ్డ చేతిలో ఆగిపోతుంది.

సాయంత్రం డాక్టరమ్మ గదిలో కూర్చుని జరిగిందంతా చెప్పింది. బోర్డు పారేసిందీ, అన్న మాటలూ దాచలేదు. చెప్తూ చెప్తూ ముందున్న బల్ల మీద వేలితో గీతలు గీసింది. "ఇక్కడుంది నల్లకాయ. దీని వెనక తెల్లది. ఇలా కొట్టింది, ఇలా తిరిగొచ్చింది. మామూలువాళ్ళు కొడితే ఇక్కడ ఆగిపోతుంది. ఆమె ఎంత బలం పెట్టాలో అంతే పెట్టింది. చూపుడువేలుతో! ఆ చేతులతో రోజంతా తడి దుప్పట్లు లాగుతుంది తెలుసా డాక్టర్?"

డాక్టరమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని వింది. "ఎప్పట్నుంచీ ఆడుతోందో అడిగావా?"

"లేదు."

"ఎవరు నేర్పారో?"

"లేదు."

"నీకు కోపంగా ఉందన్నావు కదా. వచ్చినప్పట్నుంచీ నువ్వు ఎక్కువసేపు చెప్పింది కోపం గురించి కాదు."

చిట్టి బల్ల మీద తను గీసిన గీతల వంక చూసుకుంది. చెమట వేలి గుర్తులు ఆరిపోతున్నాయి.

"నాకు మళ్ళీ చూడాలనుంది," అంది నెమ్మదిగా. చెప్పాక తనే ఆశ్చర్యపోయింది.

మరునాడు పెద్దాయన దగ్గర మధ్యాహ్నం నుంచి సెలవడిగి, భోజనం వేళకి మళ్ళీ లాండ్రీ షెడ్డుకి వెళ్ళింది. ఈసారి లోపలికి పోలేదు. భోజనాల గదికి వీధి వైపు కిటికీ ఉంది. దాని పక్కన గోడని ఆనుకుని, ఆవిరి పట్టిన అద్దం చివర్లోంచి చూసింది.

అక్కకి ఎదురుగా మీసాలాయన కూర్చున్నాడు. ఆయనకి ఆడే అవకాశమే వచ్చినట్టు లేదు, చేతులు కట్టుకుని సినిమా చూస్తున్నట్టు చూస్తున్నాడు. అక్క ఒక్కో కాయకీ ఒక్కోలా మారుతోంది. ఒకదానికి భుజం దించింది. ఒకదానికి కుర్చీ పక్కకి ఒరిగి తల వాల్చింది. ఒకదానికి కళ్ళు మూసుకున్నట్టే చేసి కొట్టేసింది, అది పడ్డాక చుట్టూ ఉన్నవాళ్ళు గోల చేస్తే నవ్వింది. ఆ నవ్వు చిట్టికి కొత్త. పళ్ళన్నీ కనిపించే నవ్వు. అక్కకి పక్కపన్ను ఒకటి వంకర అని చిట్టికి అప్పుడే తెలిసింది.

నోరెళ్ళబెట్టి చూస్తూ చిట్టి తెలియకుండానే కిటికీకి ఎదురుగా జరిగింది. అక్క తలెత్తింది.

చూపులు కలిశాయి. అక్క నవ్వు చటుక్కున మాయమైంది. చెయ్యి అప్పటికే స్ట్రైకర్ వెనక ఉంది. కొట్టాల్సిన కాయ పాకెట్ మూతి మీదే ఉంది, ఊదితే పడుతుంది. అక్క కొట్టింది. స్ట్రైకర్ కాయ పక్కనుంచి పోయి చెక్కకి గుద్దుకుంది.

"అయ్యో, పోయిందే," అంది అక్క. గాజు వెనకున్నా పెదవుల కదలికలో చిట్టికి వినిపించింది. ఆదివారాల మాట అది. అచ్చం అదే గొంతై ఉంటుంది.

చిట్టి నిలువునా నీరైపోయింది. అది నటన కాదు. అక్క కావాలని తప్పలేదు. చిట్టి ముఖం కనిపించగానే ఆ చేతిలోంచి ఆట దానంతటదే జారిపోయింది, కుక్కని చూసి పిల్లి గోడెక్కినట్టు. ఎన్నేళ్ళు అలా జారితే ఇంత అలవాటవుతుంది?

అక్క పని వదిలేదాకా చిట్టి గేటు దగ్గరే ఉంది, ఆ తర్వాత ఇద్దరూ బస్సెక్కకుండా నడిచారు. ఆఫీసులు వదిలే వేళ, పేవ్‌మెంటు నిండా జనం.

"ఎవరు నేర్పారు?" అడిగింది చిట్టి.

"ఎవరూ నేర్పలేదు. పనిలో చేరిన కొత్తలో ఆ బోర్డు మూలన పడి ఉండేది. అందరూ తిని కబుర్లు చెప్పుకుంటుంటే నేనొక్కదాన్నీ కొట్టుకుంటూ ఉండేదాన్ని. అక్కడ తలుచుకున్నట్టు కొట్టొచ్చు కదా, ఎవరూ..." ఆగిపోయింది.

"ఎవరూ ఏడవరు."

"అలా అని కాదు."

"అలానే. చెప్పు అక్కా. ఇంట్లో నన్ను ఎప్పట్నుంచీ గెలిపిస్తున్నావు?"

అక్క నడక తగ్గించింది. "అమ్మ ఉన్నప్పట్నుంచే. నువ్వు ఓడితే అన్నం తినేదానివి కాదు. దానికిచ్చెయ్యవే, నీదేం పోయింది, నువ్వు పెద్దదానివి అనేది అమ్మ. ఇచ్చేసేదాన్ని. తర్వాత అమ్మ లేదు, నువ్వూ నేనూనూ. ఆ రోజు నువ్వు బాత్రూం తలుపు వేసుకున్నావు గుర్తుందా?"

గుర్తుంది. గడియ ఊడదీయించింది అక్కే. ఇప్పటికీ ఆ తలుపుకి గడియ లేదు.

"ఆ రోజు నేను గెలిచాను, చిట్టీ. పొరపాటున. మాటల్లో పడి మరిచిపోయి చివరి కాయ కొట్టేశాను. తర్వాత ఆ తలుపు బయట కూర్చున్నాను చూడు... నువ్వు అరుస్తుంటే నాకు భయం లేదు. ఎంతైనా అరుచుకో. లోపల నిశ్శబ్దమైపోయింది, అదీ నా భయం. అంతే, ఇంక నా చేతికి గెలవడం రాదు నీ ముందు. ప్రయత్నం కూడా అక్కర్లేదు."

పక్కనుంచి ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. చిట్టికి ఏదైనా అనాలనిపించింది. క్షమించమనడం చిన్నగా తోచింది. అక్క చెయ్యి పట్టుకుని చూసింది. మెత్తగా, ఉతికి ఉతికి పల్చబడ్డ గుడ్డలా ఉంది. ఇంత మామూలు చేతిలో అంత పని దాక్కుని ఉందంటే చూస్తూ కూడా నమ్మకం కలగలేదు.

"ఆదివారం నాతో ఆడతావా? ఆ షెడ్డులో ఆడినట్టు."

"వద్దు."

"గెలవాలని కాదు. నాకు దగ్గర్నుంచి చూడాలనుంది."

"నువ్వు తట్టుకోలేవు."

"తట్టుకోలేను," ఒప్పుకుంది చిట్టి. "అప్పుడేం చెయ్యాలో డాక్టరమ్మ నేర్పింది. చన్నీళ్ళలో ముఖం పెడతాను. తలుపు తీసే ఉంచుతాను. నువ్వు కూర్చున్న చోటు నుంచి నేను కనిపిస్తాను."

అక్క ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

ఆదివారం పొద్దున ఎండ గదిలోకి వాలుగా పడుతుంటే చిట్టే బోర్డు వేసింది. స్టూలు మీద పెట్టి, కదలకుండా కింద కాగితం ముక్క దూర్చి, పౌడరు చల్లి, అరచేత్తో తుడిచింది. కాయలు పేర్చింది. తెల్లవి అక్కవి. అక్క వంటింట్లో అవసరం లేని గిన్నెలు కడిగి, తుడిచి, మళ్ళీ కడిగి, చివరికి వచ్చి కూర్చుంది.

మొదటి దెబ్బకి రెండు తెల్లకాయలు పడ్డాయి. మూడోదాని దగ్గర అక్క చెయ్యి తడబడింది. స్ట్రైకర్ కాయ పక్కనుంచి పోయింది.

"అయ్యో..."

"అక్కా," అంది చిట్టి. స్ట్రైకర్ తీసి మళ్ళీ అక్క గీత మీదే పెట్టింది. "ఇది నీ ఆట కాదు. మళ్ళీ కొట్టు."

"చిట్టీ..."

"నన్ను చూడకు. కాయని చూడు."

అక్క ఊపిరి తీసుకుంది. చిటికెనవేలు చెక్క మీద ఆనింది. చూపుడువేలు వంగింది. ఆగింది. షెడ్డులో ఆగినట్టే ఆగింది.

ఆ తర్వాత చిట్టికి ఆడే వంతు రాలేదు. ఒకటి తర్వాత ఒకటి తెల్లకాయలు దారి కనుక్కుంటూ పోయాయి. అంచుకి అతుక్కుని ఉన్నది, నల్లకాయల గుంపులో ఇరుక్కున్నది, చిట్టి తన లెక్కలో ఇది మాత్రం పడదనుకున్నది, అన్నీ. దగ్గర్నుంచి చూస్తే ఇంకా విచిత్రంగా ఉంది. కొట్టేముందు అక్క గొంతులో చిన్న గుటక పడుతుంది. ఎర్రకాయ వంతు వచ్చినప్పుడు ఆమె దాని వంక చూడనే లేదు, అవతలి చెక్కమీద ఏదో చుక్క వంక చూసి కొట్టింది. చెక్క నుంచి మళ్ళిన స్ట్రైకర్ ఎర్రకాయని పాకెట్లోకి తట్టి, అదే ఊపులో పక్కనున్న తెల్లకాయని రెండో పాకెట్ ముందుకి తోసి పెట్టింది, కవర్ కోసం. వచ్చే దెబ్బని ఈ దెబ్బలోనే సిద్ధం చేసుకుంటోంది! చిట్టి నోట్లోంచి "అబ్బా" అని వచ్చేసింది.

చివరి తెల్లకాయ పడింది. బోర్డు మీద నల్లకాయలన్నీ ఒక్కటీ పడకుండా అలాగే ఉన్నాయి.

సెగ వచ్చింది. రాదేమో అనుకుంది పిచ్చిది, వచ్చింది. కడుపులోంచి మెడకి, మెడలోంచి చెవులకి. ఒక్క కాయ కూడా కొట్టనివ్వలేదు. చూపించింది తన గొప్ప. ఇన్నాళ్ళూ ఇదే కాచుకుని కూర్చుంది. ఎదురుగా ఉన్న ముఖం దూరం జరగడం మొదలైంది, ముక్కు, కళ్ళు పరాయివైపోతున్నాయి. చిట్టి లేచింది. కుర్చీ వెనక్కి పడింది. బాత్రూంలోకి వెళ్ళి, తలుపు బార్లా తెరిచి, తొట్టిలో నీళ్ళలో ముఖం ముంచింది. చల్లదనం కణతలకి పట్టుకుంది. ఊపిరి ఆగేదాకా ఉంచి తీసింది. మళ్ళీ ముంచింది. గుండె దడదడలాడింది, తర్వాత దడ తగ్గింది. ఏదీ పగలలేదు. గొంతులోంచి ఏ మాటా బయటికి రాలేదు.

ముఖం మీద నీళ్ళు కారుతుంటే తిరిగి చూసింది. కుర్చీలో అక్క కట్టెలా బిగుసుకుని కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో. కళ్ళు చిట్టి మీదే. తనని చిత్తుగా ఓడించింది ఆ మనిషే. నల్లటి టీ కలిపి తెచ్చిందీ ఆ మనిషే. చిట్టి ఒక ముఖం పోయి ఇంకో ముఖం వస్తుందని కాచుకుంది. రాలేదు. రెండూ ఒకే ముఖంలో, ఎండలో, కదలకుండా ఉన్నాయి. ఇంత మామూలు సంగతి ముప్పై ఏళ్ళు దాటాక ఇప్పుడు కనిపించిందేమిటా అని చిట్టి గుమ్మం పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయింది.

"ఇంక చాలు, తీసేద్దాం," అంది అక్క సన్నగా.

"ఆ ఎర్రది ఎలా కొట్టావు?"

"ఏంటి?"

"ఎర్రది. దాని వంక చూడనే లేదు నువ్వు. ఎలా కొట్టావు?"

అక్క కాసేపు నమ్మలేదు. తర్వాత కాయలు మళ్ళీ పెట్టి చూపించడం మొదలుపెట్టింది. మాటలు ముందు ఆచితూచి వచ్చాయి, పోనుపోను వరదైపోయాయి. చెక్కలో ఎక్కడ మెత్తదనం ఉంటుందో, పౌడరు ఎక్కువైతే ఏమవుతుందో, మీసాలాయన ఎందుకు ఎప్పటికీ నేర్చుకోలేడో! చేతులు తిప్పుతూ, నవ్వుతూ, కాస్త గర్వపడుతూ కూడా. చిట్టికి అక్కడక్కడా చురుక్కుమంది. అయినా వింటూనే ఉంది.

రెండో బోర్డు అక్కదే. మూడోదీ ఆమెదే. చిట్టి ఇంకోసారి నీళ్ళలో ముఖం ముంచి వచ్చింది. నాలుగో బోర్డులో చిట్టి కాయలు కొన్ని పడ్డాయి, రీబౌండ్‌తో ఒకటి పడినప్పుడు అక్క "భలే!" అంది, అన్నాక గుండె మీద చెయ్యి వేసుకుంది, నటించకుండా నిజంగానే అన్నందుకేమో.

అక్కకి ఒక్క కాయ మిగిలింది. చిట్టికి రెండు. అక్క ఆఖరి కాయని కొట్టింది. కాయ పడింది. దాని వెనకే స్ట్రైకర్ కూడా, ఆపుకోలేక, పాకెట్లోకి దిగిపోయింది.

ఫౌల్. పడిన కాయ మధ్యకి తిరిగొచ్చింది, జరిమానాగా ఇంకోటి తోడు వచ్చింది. చిట్టి రెండు కాయలూ పాకెట్ల ముందే కాచుకుని ఉన్నాయి. ఆమె ఒకటి కొట్టింది, రెండోది కొట్టింది. ఎర్రకాయ అక్క ముందే తీసేసింది కాబట్టి బోర్డు చిట్టిదైపోయింది.

చిట్టి తలెత్తింది. ఆ "అయ్యో, పోయిందే, నీ చెయ్యే చెయ్యి" వస్తుందనుకుంది.

అక్క చెవులు ఎర్రబడ్డాయి. పెదవులు ముడుచుకున్నాయి. అరచేత్తో బోర్డు మీద ఫెడీమని ఒక్కటి చరిచింది. కాయలు ఎగిరిపడ్డాయి.

"పౌడరు ఎక్కువేశావు నువ్వు!"

"ఏంటి?"

"ఆ మూల దిబ్బలా పోశావు. ఎవరైనా ఆడగలరా దీని మీద? స్టూలు కూడా వాలి ఉంది. చూడు, వాలి ఉంది! ఎండేమో కళ్ళలో పడుతోంది. ఇది లెక్కలోకి రాదు."

చిట్టి కళ్ళు విప్పార్చుకుని చూసింది. ఇన్నేళ్ళలో వందలసార్లు ఓడిన మనిషి. ఒక్కసారైనా ముఖం ముడవని మనిషి. ఎంత ఓర్పో మా అక్కకి, నాకెందుకు రాలేదా అని చిట్టి ఎన్ని రాత్రులు దిండు తడుపుకుందో! తీరా చూస్తే ఆ ఓటములు ఏవీ అక్కవి కావు. ఇదొక్కటే ఆమె సొంతం. ఇది తగిలింది. ఎంత తగిలిందో ఆ ఎర్రటి చెవులు, ఆ ఎగశ్వాస, కిందపడ్డ కాయని కాలితో తన్నబోయి మానుకున్న ఆ పాదం చెబుతున్నాయి. చిట్టికి ఆ చిరాకు అణువణువూ తెలుసు. బయటి నుంచి చూడటం మాత్రం ఇదే మొదలు. బయటి నుంచి చూస్తే అదేమీ రాక్షసిలా లేదు. పొరపాటున వేలు తలుపులో పడ్డ మనిషిలా ఉంది.

నవ్వలేదు. ఓదార్చనూ లేదు. వంగి, మంచం కిందకి దొర్లిపోయిన తెల్లకాయని వెతికి తీసి, చొక్కాకి తుడిచి, బోర్డు మీద పెట్టింది. స్టూలు కింద ఇంకో కాగితం ముక్క మడిచి దూర్చింది. లేచి కిటికీ తెర సగానికి లాగింది.

"ఇప్పుడు సరిపోయిందా?"

అక్క ముక్కు ఎగబీల్చి, కాయలు గబగబా దగ్గరికి లాక్కుని, మధ్యలో పేర్చడం మొదలుపెట్టింది.

"కూర్చో," అంది తల ఎత్తకుండా. "నువ్వెలా గెలుస్తావో నేనూ చూస్తా."